ముహూర్తానికి నోరు మూసుకున్న కంపైలర్

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరు తిట్టినా మన మంచికేనని నమ్మేసే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో నన్ను మనుషులు తిట్టింది చాలక కంప్యూటర్ కూడా తిట్టేది. సూర్యాపేటలో హైవే పక్కన, టైర్ల షాపు పైన రెండు గదులే మా ఆఫీసు. రైస్ మిల్లులకు ప్రోగ్రాములు రాసేవాళ్ళం. మా ఓనరుది కోదాడ కాబట్టి అందరం కోదాడన్న అనేవాళ్ళం. లోకమంతా కొత్త కొత్త భాషల వెంట పడుతుంటే ఆయన మాత్రం లిస్ప్ అనే పాత కంప్యూటర్ భాషను పట్టుకుని వదిలేవాడు కాదు. (ఎందుకన్నా అంటే, "అందరికీ వస్తే మనకి గిరాకీ ఏముంటదిరా?" అనేవాడు. మాకు ఉన్న గిరాకీ కూడా అంతంతమాత్రమే అని ఎవరు చెప్పాలి?) నాది వేములపల్లి. మా నాయన గొర్లు కాసేవాడు. "గొర్ల ఎనక తిరుగుడు మా ఇంట్ల నాతోనే ఖతం. మావోడు కంప్యూటర్ ఆఫీసుల కూసుంటుండు" అని హోటల్ దగ్గర కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. కోదాడన్నేమో, మిర్యాలగూడ మిల్లులో ప్రోగ్రాం నడిస్తేనే నన్ను ఉంచుకుంటానన్నాడు. ఈ ముక్క నాయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మనం రాసిందాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది కంపైలర్. అది మూడు రకాలుగా తిడుతుంది. ఘోరమైన తప్పుంటే ఎర్రర్ అంటుంది, అనుమానముంటే వార్నింగ్ ఇస్తుంది, అదీ కాకపోతే ఊరికే సణుగుతుంది. మా ఇంట్లోవాళ్ళే అందులో దూరి కూర్చున్నారనిపించేది. సణిగేది నాయనమ్మ, హెచ్చరించేది అమ్మ, ఇక నాయనైతే సరాసరి వీపు మీదికే. మా ప్రోగ్రాంలో తడి వడ్లను డ్రయ్యర్‌కు పంపే ముక్క ఒకటి ఇంకా రాయనేలేదు. "అది నేను రాస్తాలే" అని కోదాడన్న తన దగ్గరే పెట్టుకుని మరిచిపోయాడు. కంపైలర్ మాత్రం మరవలేదు. ప్రోగ్రాం తయారుచేసినప్పుడల్లా "ఫలానావాణ్ణి పిలిచావు, అట్లాంటివాడు నాకెక్కడా కనబడలేదు" అని నాయనమ్మలా సణిగేది. అయితే ఆ మనిషి తర్వాతైనా వస్తాడేమోనన్న నమ్మకంతో పని మాత్రం పూర్తిచేసి ఇచ్చేది. అంత మంచితనం యంత్రానికి కూడా పనికిరాదు.

మిల్లు సేటు ఒక పట్టు పట్టాడు. ప్రోగ్రాం తన కళ్ళ ముందే, మంచి గడియలో, మిల్లులోనే తయారు కావాలట. ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతుంటే టైర్ల షాపులో ఎవరో తుమ్మారు. కోదాడన్న మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ బయల్దేరదీశాడు. మిల్లులో కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, దాని ముందు నిమ్మకాయ. కోదాడన్న నా చెవిలో "పూజలో ఆ వార్నింగులు పడితే సేటు అపశకునం అంటాడు. ఏదీ కనపడకుండా చేసెయ్" అన్నాడు.

"అన్నా, తడి వడ్ల ముక్క ఇంకా రాయలే. కంపైలర్ అదే చెప్తున్నది."

"ఇంత ఎండల్లో తడి వడ్లు ఎవడు తెస్తాడ్రా? తర్వాత చూద్దాంలే!"

చెప్పినట్టే చేశాను. కొబ్బరికాయ పగిలింది, ప్రోగ్రాం తయారైంది, స్క్రీన్ మీద ఒక్క అక్షరం పడలేదు. అంత శుభ్రమైన స్క్రీన్ నేనెప్పుడూ చూడలేదు. ఎవరి సంగతో ఎందుకు, నాకే కళ్ళు చెమర్చాయి.

తొలి ట్రాక్టర్ హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చింది. అక్కడ ముందు రోజు వాన పడిందట. వడ్లు పిడికిట పడితే ముద్ద అవుతున్నాయి. తేమ ఎంతో కొట్టి బటన్ నొక్కగానే ప్రోగ్రాం ఆగిపోయి, స్క్రీన్ నిండా ఇంగ్లిష్ పరుచుకుంది.

"ఏమంటుందయ్యా అది?" అన్నాడు సేటు.

"తడి వడ్లు చూసేటోణ్ణి పిలిస్తే లేడంటుంది సేటూ. మళ్ళా పిలవాల్నా, ఇంకొకణ్ణి పిలవాల్నా, పని ఆపాల్నా అని అడుగుతుంది."

సేటు హమాలీల వైపు తిరిగి "ఎవడ్రా ఇయ్యాల డ్యూటీకి రానోడు?" అని అరిచాడు. "అందరం ఈడనే ఉన్నం సేటూ" అన్నారు వాళ్ళు భయంగా. బయట ట్రాక్టర్ల వరస పెరిగిపోతోంది. "కొబ్బరి నీళ్ళు ఇంక ఆరనే లేదు, గప్పుడే ఆపాల్నా అంటదా? తీసెయ్యిండ్రి దీన్ని!"

నేను కోదాడన్న వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు. "కుర్రాడు కొత్తోడండీ, ఏదో రాసేశాడు. వీణ్ణి మార్చేస్తాను" అన్నాడు. నా ఉద్యోగం అక్కడితో సరి.

సాయంత్రానికి వేములపల్లి చేరి నాయనకు ఉన్నదంతా చెప్పేశాను.

"ఆ కంప్యూటర్ ముందుగాల చెప్పలేదా బిడ్డా?"

"చెప్పింది నాయనా."

"నువ్వు మీ సారుకు చెప్పినవా?"

"చెప్పిన. ఇనలే."

"మరి నువ్వెందుకురా తలకాయ దించుకుంటవ్? లే, బువ్వ తిను."

పొద్దున మాత్రం నాయన గొర్లను రోజూ పోయే హోటల్ ముందు నుంచి కాకుండా కాలువ కట్ట మీదుగా చుట్టు తిప్పి తోలుకుపోయాడు. కట్ట మీద లేచిన దుమ్ము అణిగేదాకా నేను వాకిట్లోనే నిలబడి చూశాను. ఆ తర్వాత నాకు వేరేచోట పని దొరికింది, చాలా కంపైలర్లతో తిట్లు తిన్నాను. ఖాళీ స్క్రీన్ చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్న ఆ వెర్రి పిల్లవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాలువ కట్ట మీద దుమ్ము కూడా గుర్తొస్తుంది కాబట్టి, ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది.