నబీ సాబ్ తట్ట లెక్క

నబీ సాబ్‌కు ఈ లోకంలో తెలిసిన కొలత ఒక్కటే: తట్ట. మీటర్లు, కిలోలు, లీటర్లు చదువుకున్నవాళ్లు పొద్దుపోక పెట్టుకున్నవని ఆయన గట్టి నమ్మకం. నలభై ఏళ్లు పాలమూరు లేబరు మేస్త్రీగా ఊరూరా కాలువలు తవ్వించిన మనిషి మరి! మనవరాలు ముబషిరా పుట్టినప్పుడు దవాఖానలో నర్సు "రెండున్నర కిలోలు" అంటే, కాసేపు వేళ్లు లెక్కపెట్టి, "అంటే ఒక్క మట్టి తట్టల పదో వంతు. పర్వాలేదు, పెరుగుతది" అని మిఠాయి పంచాడు.

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు సాంసన్. కొత్త ఇంజనీరు. 2006 ఎండాకాలంలో నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కి లింగాల దగ్గరి మొరం క్వారీకి వచ్చాడు. లీజు అయిపోయింది. క్వారీ నడిపిన బుచ్చన్న గుంత పూడ్చి, లీజుకిచ్చిన సారమ్మ అర ఎకరాన్ని మళ్లీ దున్నుకునేలా చేసి ఇవ్వాలి. ఆ ఖర్చు అంచనా కట్టడం సాంసన్ పని. ఆరేళ్ల కింద ఆ గుంత తవ్వించిన మేస్త్రీ కాబట్టి నబీ సాబ్‌ను తోడిచ్చారు.

సాంసన్ టేపు తీశాడు. "పొడుగు డెబ్బై మీటర్లు..."

"తట్టలల్ల ఎంత సారూ?"

"పొడుగుకు తట్టలేంది నబీ సాబ్?"

"అయితే గా పొడుగు ఎందుకు సారూ?"

సాంసన్ టేపు పట్టుకుని గుంతలోకి దిగాడు. గుంత నడుమ, లోతు తెలియడానికి తవ్వకుండా వదిలిన మట్టి దిమ్మె ఉంది. దాని నెత్తిన అరడుగు నల్లమట్టి, కిందంతా ఎర్ర మొరం. పోయిన నేల ఎలాంటిదో ఆ దిమ్మె ఒక్కటే చెబుతోంది.

క్వారీ మూలన తుమ్మకంప కప్పిన పెద్ద దిబ్బ కనబడి అటు నడవబోతే బుచ్చన్న చెయ్యి పట్టి ఆపాడు. "వద్దు సారూ! గది నబీ సాబ్ దిబ్బ. మా అరుగుకని ఒక్క తట్ట తీస్కపోతే ఊరంత ఎంటబడి వాపస్ పోయించిండు. ముసలాయనకు జర తిక్క."

చెట్టు నీడలో కూర్చుని సాంసన్ లెక్క తేల్చాడు. గుంత నింపడానికి క్వారీ రాళ్లూ రప్పలూ అక్కడే ఉన్నాయి. పైన పరచాల్సిన నల్లమట్టి మాత్రం ఇరవై మైళ్ల అవతల నుంచి రావాలి. డెబ్బై మూడు లారీలు. ఆ ఒక్క ఖర్చే లక్ష దాటింది.

"లచ్చనా! నాతోని గాదు. రాళ్లు నింపి సాపు చేసిస్త, గంతే," అన్నాడు బుచ్చన్న.

అప్పటిదాకా కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డ సారమ్మ భగ్గుమంది. "రాళ్లల్ల ఏం మొలుస్తదయ్యా, గుండ్లా? నాకున్నదే గీ అరెకరం. జొన్నేస్కుంటనే ఊర్ల ఉంట. లేకుంటె మళ్ల కూలికి బొంబాయికే పోవాలె."

అప్పుడు నబీ సాబ్ మాట్లాడాడు. "నల్లమట్టి తట్టలల్ల ఎంత సారూ?"

సాంసన్‌కు ఒళ్లు మండింది. "ఘనపుటడుగుకు రెండు తట్టలేస్కో! ఇరవై ఒక్క వెయ్యి ఏడు వందల ఎనభై! సాలునా?"

"పన్నెండు తక్కువున్నయ్ సారూ."

"ఎక్కడ?"

"దిబ్బల."

ముసలాయన పోయి తుమ్మకంప పక్కకు లాగాడు. కింద నల్లటి మట్టి. "మొదటి రోజు పై మట్టి యాడ పొయ్యాలె అంటె, యాడన్న పారబొయ్యమన్నవ్ బుచ్చన్నా. గీడ పోయించిన. తట్ట తట్ట లెక్కబెట్టిన. గిది సారమ్మ చెల్లె మట్టి."

"ఆరేండ్లసంది ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తె ఊరంత అరుగులు కట్టుకుంటుండె."

సారమ్మ దిబ్బ ఎక్కి పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. "నా చేనే," అంది. కళ్లు తుడుచుకుని నవ్వేసింది. నల్లమట్టి ఖర్చు కొట్టేసి సాంసన్ కొత్త లెక్క చూపిస్తే బుచ్చన్న, "గింతైతే రేపే మొదలు పెట్టిస్త," అని తలూపాడు.

"మరి ఆ పన్నెండు తట్టలు యాడికి పోయినయ్ నబీ సాబ్?"

నబీ సాబ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా కుల్సుమ్‌బీ పుదీన మడికి ఎత్తుకపోయింది సారూ. ఊరినంత ఆపిన గాని, ఇంట్ల మనిషిని ఎట్ల ఆపుత? రేపు తవ్వి తెస్త."

"వదిన జోలికి పోతివా, నీకు బువ్వ పుట్టది అన్నా! ఉంచుకోనియ్యి," అంది సారమ్మ.

"లెక్క తప్పుతది గదా చెల్లె!"

ఆయన ముఖం చూడలేక సాంసన్ కాగితం మళ్లీ తీసి, అంచనా చివర ఇంకో వరుస రాశాడు: నల్లమట్టి, స్థలంలోనే ఉంది. తక్కువ పడిన పన్నెండు తట్టలు భూమి యజమానురాలు పుదీనాకు వదిలేశారు.

గట్టిగా చదివి వినిపిస్తే నబీ సాబ్ తృప్తిగా తలూపాడు. "గిప్పుడు లెక్క సరిపాయె."