చెవిలో మిషన్, చుట్టూ కేకలు

2023 జనవరి. వినుకొండ వైపు మిరపకోతలు మొదలయ్యాయంటే నా ఉద్యోగం సగం బళ్లో, సగం చేలగట్ల మీద. నేను ఐఈఆర్‌టీని. అంటే వినికిడి, చూపు, నడక లాంటి ఇబ్బందులున్న పిల్లల్ని మామూలు బళ్లోనే చదివించడానికి ఊరూరా తిరిగే టీచర్ని. స్కూటీ డిక్కీ నిండా బ్యాటరీలు, భూతద్దాలు, లావు గీతల నోటుపుస్తకాలు. ఆ గతుకుల్లో తిరిగి తిరిగి నడుం అరిగిపోయింది, ఓపిక సంగతి చెప్పనక్కర్లేదు.

ఐదో తరగతి మల్లీశ్వరికి ముందు ఏడాది క్యాంపులో రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్లు ఇప్పించాను. ఊళ్లో వాటిని చెవి మిషన్లంటారు. పెట్టగానే ఆ పిల్ల కళ్లింత చేసుకుని తల్లి వైపు తిరిగింది. ఆ పూట నేను ఇంట్లో పాయసం కూడా చేశాను. తీరా చూస్తే, తర్వాత ఎప్పుడు బడికెళ్లినా చెవులు బోసిగానే ఉండేవి. నన్ను చూసి జేబులోంచి తీసి పెట్టుకునేది. నేను స్కూటీ ఎక్కగానే మళ్లీ జేబులోకి.

వాళ్లమ్మ రమణమ్మ చేలో కాయ కోస్తుంటే అక్కడికే వెళ్లి అడిగాను.

“పెట్టుకోమంటే ఏడుస్తందండీ మేడం గారూ. వినపడని పిల్లకి బడెందుకంటాడు వాళ్ల నాన్న. వచ్చే ఏడు నుంచి కోతలకి తీసుకుపోతాం.”

వచ్చే ఏడంటే ఆరో తరగతి, పక్కూరి హైస్కూలు. ఇక్కడ ఆగితే ఇక అంతే. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మర్నాడు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. మాస్టారు మంచాయన. పాఠం మధ్యలో మల్లీశ్వరి దగ్గరికి వచ్చి, వంగి, చెవి పక్కన నోరు పెట్టి అరిచారు. “మల్లీశ్వరీ! వినపడతందా!” పక్క పిల్ల ఇంకా ప్రేమగా, ఇంకా గట్టిగా అరిచింది. మా వైపు క్షేమం అడిగినా తగువాడినట్టే ఉంటుంది, ఇక చెవిటిపిల్ల అంటే ఆగుతారా? దానికి తోడు నాపరాళ్ల మీద బెంచీలు లాగే మోత. మిషన్ పాఠాన్నే కాదు, అన్నిటినీ పెద్దది చేస్తుంది. మల్లీశ్వరి రెండూ పీకి జేబులో వేసుకుంది.

నా దగ్గర స్టెతోక్లిప్ ఉంటుంది. డాక్టరు మెడలో ఉండేలాంటి గొట్టమే, మిషన్ పనిచేస్తోందో లేదో మేం విని చూసుకోవడానికి. దానికి మల్లీశ్వరి మిషన్ తగిలించి, వాల్యూమ్ బాగా తగ్గించి మాస్టారికిచ్చాను. “గుడ్ మార్నింగ్ చెప్పండర్రా” అన్నాను. పిల్లలు రోజూలాగే గొంతులు చించుకున్నారు.

మాస్టారు గొట్టం లాగేశారు. “అమ్మో! తలకాయ పగిలిపోయేట్టుందండీ!”

“అది తగ్గించి పెట్టిందే మాస్టారూ.”

ఆయన మల్లీశ్వరి వైపు చూసి, “మరి నేను దానికి వినపడాలనే గదండీ...” అన్నారు.

ఆ తర్వాతి పనికి పెద్ద ఖర్చేం కాలేదు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు దగ్గర మిషన్ల వాల్యూమ్ సరిచేయించాను. సైకిల్ షాపు మస్తాన్ పాత ట్యూబు ముక్కలిస్తే బెంచీల కాళ్లకు తొడిగాం. మాస్టారి మొహం కనిపించేచోట పిల్లను కూర్చోబెట్టాం. అసలు కష్టం రమణమ్మతోనే. చేను ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచే మనిషి. దగ్గరికెళ్లి, భుజం తట్టి, మామూలుగా మాట్లాడమన్నాను.

“అంత మెల్లగా మాట్లాడితే నాకే వినపడదు గదండీ!” అంది.

అయినా నేర్చుకుంది. కోతలయ్యేసరికి మల్లీశ్వరి బడి వదిలేదాకా మిషన్లు తీయడం లేదు. వాళ్ల నాన్న ఒకరోజు కల్లం దగ్గర కనిపించి, “పోనీలెండి, చేరుద్దిలే హైస్కూల్లో” అన్నాడు.

జూన్‌లో హైస్కూలుకు వెళ్లాను. అక్కడ సబ్జెక్టుకో సారు. అందరికీ మొదటినుంచీ చెప్పాలి కదా అనుకుంటే గుమ్మం దగ్గరే నీరసం వచ్చింది. లోపల లెక్కల సారు అప్పటికే మల్లీశ్వరి మీదికి వంగి నోరు తెరిచారు.

మల్లీశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది. “అరవమాకండి సార్. నా వైపు తిరిగి మామూలుగా చెప్పండి. వినపడుద్ది.”

మిషన్ ఇవ్వడంతో మా పని అయిపోదనీ, చుట్టూ ఉన్నవాళ్లకు మాట్లాడటం నేర్పాలనీ నాకు ఈ పిల్ల దగ్గరే తెలిసింది. ఆ నేర్పడం కూడా ఎల్లకాలం నా నెత్తినే ఉండనక్కర్లేదని ఆ రోజు తెలిసింది. నేను లోపలికి వెళ్లకుండానే వెనక్కి వచ్చేశాను.