ఆ వానలో నేను పీకిన వైరు

మా నాన్న కొట్లో తూకం రాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. బరువును పక్కవాడి నెత్తిమీదికి ఎలా జరపాలో చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరి మీదికీ జరగలేదు. ఏళ్ళ తరబడి నాతోనే తిరిగింది, నాతోనే తిన్నది, నేను పగలబడి నవ్వుతున్నప్పుడు కూడా లోపల కదలకుండా కూర్చుంది. ఇవాళ దించుతున్నాను. కొంచెం పక్కకి జరగండి, కాళ్ళ మీద పడుతుంది.

ఏడుపు కథ అనుకోకండి. ఆ రోజు నేను గెలిచాను. ఎంత బాగా గెలిచానంటే, ఇప్పటికీ తలుచుకోగానే చెయ్యి మీసం మీదికి పోతుంది. అసలు రోగం అదే కదా?

మా వైపు జాతరల్లో దుకాణం జాగాకి కాగితాలుండవు. ఎవడు ముందొచ్చి టార్పాలిన్ పట్టా పరిస్తే వాడిదే. ఒక ఏడు పరిచినవాడికి తర్వాతి ఏడు ఎవరూ అడ్డురారు. పక్క ఊరి జాతరలో, బస్సు దిగిన జనమంతా గుడివైపు తిరిగే మూల ఒకటుంది. అక్కడ ఎప్పటినుంచో కూర్చుంటున్న గాజుల ముసలాయన ఆ ఏడాది ఇక రానన్నాడు. మూల మీద నా కన్ను పడింది. మా బావ కన్నూ పడింది.

నాది గజపతినగరంలో చిన్న స్టీలు సామాన్ల కొట్టు. బావ, అంటే మా అక్క భర్త, ఖాజాలూ జీళ్ళూ చేసి జాతరల్లో అమ్మేవాడు. ఆ మూల దొరికితే నాలుగు రాళ్ళు వెనకేసి, ఊళ్ళు తిరగడం మాని సొంతంగా మిఠాయి కొట్టు పెట్టుకోవాలని ఆయన ఆశ. ఆ ఆశ నాకు ఆయనే చెప్పాడు. చెప్పకూడని మనిషికి చెప్పాడు.

జాతర పొద్దున వాన. సరుకు మోసే పెట్రోలు వ్యాను మా రెండిళ్ళకీ కలిపి నా ఒక్కడికే ఉంది. తీసుకెళ్తానని బావకి మాటిచ్చాను. మాట తప్పలేదు, గరివిడి పక్కనున్న వాళ్ళ ఊరికి వెళ్ళాను. కాకపోతే బయల్దేరేముందు మా తమ్ముడి చేతికి పట్టా, తాళ్ళూ ఇచ్చి మొదటి బస్సు ఎక్కించాను.

ఖాజాల డబ్బాలు వ్యానులో సర్ది బావ ఇంట్లోకి వెళ్ళాడు. నేను సీటెత్తాను, ఇంజను దాని కిందే ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును గూట్లోంచి కాస్త పైకి లాగి, పైనున్న రబ్బరు తొడుగును మాత్రం కిందికి దించేశాను. చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. నిప్పురవ్వ మాత్రం ప్లగ్గుల దాకా రాదు.

ఇక మొదలైంది నా వైద్యం. తాళం తిప్పాను. సెల్ఫు గిర్రున తిరిగింది, ఇంజను అందుకోలేదు. లైట్లు వేసి చూపించాను, బ్యాటరీ బాగుంది. పెట్రోలు వాసన కూడా వస్తోంది. అయితే రవ్వ లేదన్నమాట, తడి చేరిందన్నమాట. వానకి మొరాయించిన బండిని ఎవరైనా అదే వరసలో చూస్తారు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడనట్టే ఉంది చూడండి!

“ఒరే బామ్మర్దీ, ఏటైందిరా దీనికి?”

“తడి లాగీసినాది బావా. వానొస్తే దీనికిదో రోగం.”

“మరేటి సేద్దాం? అవతల మూల ఎవుడో కొట్టుకుపోతాడు!”

“వైర్లు తుడవాల. అప్పటికీ కాపోతే తొయ్యాల.”

అక్క అప్పటికే ముందుకొచ్చేసింది. “గుడ్డేటికిరా, నా కొంగున్నాది గదా. ఏ వైరో సూపించు, తుడిసీస్తాను.”

చూపించాను. ఆ ఒక్క వైరు తప్ప అన్నీ చూపించాను. పసిపిల్ల తల తుడిచినట్టు తుడిచింది.

తర్వాత తోశారు. బావ వెనకాల, అక్క పక్కన, బురదలో. నేను స్టీరింగు ముందు, పొడిగా. క్లచ్ వదిలినప్పుడల్లా బండి ఒక ఎగురు ఎగిరి ఆగిపోయేది. “ఇంకొంచెం! ఇంకొంచెం!” అని అరిచాను. అరిచింది నేనేనా? అక్క జారి మోకాళ్ళ మీద పడడం అద్దంలో చూశాను. దిగానా? లేదు. ఫోను వంక చూశాను.

కాసేపటికి మోగింది. “పరిసీసాను” అన్నాడు తమ్ముడు. నెమ్మదిగా దిగి, సీటెత్తి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాను. బండి మొదటి తిప్పుకే గర్జించింది.

“నీ సేతిలో ఏటో ఉన్నాదిరా!” అని బావ తడి బట్టలతోనే నన్ను కావలించుకున్నాడు.

జాతరలో మూల మీద మా తమ్ముణ్ణి చూసి ఆయన ఆగిపోయాడు. నా దగ్గర మాట సిద్ధంగా ఉంది: ఎవడైనా కాజేస్తాడని ముందొచ్చేశాడు బావా. ఆయన ఆ మూలని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. “పోన్లేరా. పరాయోడికి పోకుండా మనోడే పట్టినాడు” అన్నాడు. డబ్బాలు మోసుకుంటూ వెనక వరసకి వెళ్ళిపోయాడు. అక్కడికి జనం రాలేదు. చెమ్మకి జీళ్ళన్నీ ఒకే ముద్దయ్యాయి. నా దగ్గర గరిటె కూడా మిగల్లేదు.

మూల ఇప్పటికీ నాదే. కొట్టు పెద్దదైంది. వానకి ఆగిన బండి ఎక్కడున్నా నాకే కబురొస్తుంది, ఎందుకంటే నా హస్తవాసి గురించి ఊరంతా చెప్పుకొచ్చింది మా బావే. ఆయన మాత్రం కొన్నాళ్ళకి పొయ్యి ఆర్పేసి, ఇప్పుడు వేరేవాళ్ళ మిఠాయి కొట్లో కూలికి పాకం పడుతున్నాడు. ఆ ఖాజా తిన్నవాళ్ళు కొట్టు యజమానిని మెచ్చుకుంటారు.

ఇది రాస్తూ కూడా బేరమాడాను, నాతో నేనే. వాన నిజమే కదా, ఎలాగూ ఆలస్యమయ్యేదేమో అని కొంత తగ్గించబోయాను. మొదటి బస్సులో వెళ్ళిన తమ్ముడికి ఎలాగైనా మూల దొరికేదేమో అని ఇంకొంత. ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. జీవితంలో మొదటిసారి బేరం లేకుండా ఒకటి ఇచ్చాను! మూల గెలిచిన రోజు కూడా ఇంత హాయిగా ఊపిరి ఆడలేదు. క్షమించమనడం లేదు. అడిగితే అదీ బేరమే అవుతుంది.

పత్రికలో ఈ పేజీని మా అక్క ప్రతి ఆదివారం చదువుతుంది, బావకి పైకి చదివి వినిపిస్తుంది. పేరు రాయలేదు కానీ ఆమెకి పేరు అక్కర్లేదు. తర్వాత ఆ మూల ఎవరిదవుతుందో, ఆ గుమ్మం నాకు తెరుచుకుంటుందో లేదో తెలియదు. ఆమె చదువుతుందని తెలిసే పంపుతున్నాను.

అక్కా, ఆ రోజు బండికి ఏ రోగమూ లేదు. వైరు నేనే పీకాను.