దయ్యానికి దిష్టి

కోటేశ్వరమ్మగారి చేత దిష్టి తీయించుకోని ప్రాణి వాళ్ల ఎల్‌బీ నగర్ వీధిలో లేదు. ప్రాణం లేనివీ తక్కువే. కొత్త ఫ్రిజ్‌కి తీశారు. పాతది చిన్నబుచ్చుకుంటుందని దానికీ తీశారు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, "చిక్కిపోయావు నాయనా" అంటూ గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి మరీ పంపారు.

అలాంటావిడ ఇంటి పైవాటాని గౌతమ్ షూటింగుకి తీసుకున్నాడు. అతనికి మొదటి సినిమా. భయపెట్టే సినిమా. కథంతా ఒకే ఇంట్లో. ఒంటరిగా ఉన్న అమ్మాయి పూజగదిలో తలుపేసుకుంటుంది. "నేను దేవుణ్ణి, తలుపు తియ్యి" అని అవతల్నుంచి ఒక గొంతు పిలుస్తుంటుంది. నమ్మి తియ్యాలా, నమ్మకుండా ఉండిపోవాలా? మధ్యలో ఆ పిల్లకే దయ్యం పూనుతుంది.

ఆ పిల్ల వేషం సింధుది. తుర్కయంజాల్ అమ్మాయి. ఆమెకీ ఇదే మొదటిది. మొదటిరోజే ముఖం నిండా కాలిన మచ్చల మేకప్‌తో ఆమె మెట్లెక్కుతుంటే కోటేశ్వరమ్మగారు ఎదురొచ్చారు.

"అయ్యో తల్లీ! ఎవరి కళ్లు పడ్డాయే నీమీద!"

లైట్లు చూసే జానయ్య బిత్తరపోయాడు. "అమ్మా, దయ్యానికి దిష్టేందమ్మా?"

"దయ్యమైతే మాత్రం? ఆడపిల్ల కాదటయ్యా!"

ఇక రోజూ అదే తంతు. కెమెరాకి దిష్టి. కెమెరా స్టాండుకి దిష్టి. మిరపకాయల ఘాటుకి కెమెరామన్ తుమ్మితే దయ్యమే జడుసుకుంది.

"ఆంటీ, మా కథలో దేవుడున్నాడో లేడో చివరిదాకా తేలకూడదు. మీరేమో..." అని గౌతమ్ మొత్తుకున్నాడు.

"తేల్చకు నాయనా, నేను తేల్చమన్నానా? జరుగు, నీ కుర్చీకి తియ్యాలి."

ఆఖరి రోజొచ్చింది. సింధు గడియ మీద చెయ్యి వేసి దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. అంతే. అదే కుదరడం లేదు. నిర్మాత శేఖర్ ఫోన్‌లో గౌతమ్ మీద అరుస్తున్నాడు. గౌతమ్ సింధు మీద అరుస్తున్నాడు.

"నమ్మకం! ముఖంలో నమ్మకం కనపడాలి! ఈసారీ రాకపోతే నీకిదే ఆఖరి సినిమా!"

సింధు గోడవైపు తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడే గుప్పిట బిగించుకుని కోటేశ్వరమ్మగారు పైకొచ్చారు. "ఆపండర్రా! పిల్లకి గట్టి దిష్టి తగిలింది" అంటూ చెయ్యి పట్టుకుని కిందకి, తన వంటింట్లోకి లాక్కుపోయారు.

ఇవాళ ఆవిడతో తేల్చుకోవాల్సిందేనని గౌతమ్ వెనకే వెళ్లాడు. వంటింటి గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

"కళ్లు మూసుకో తల్లీ. నేను తిప్పుతున్నంతసేపూ ఎవడూ నిన్నేమీ అనడు. ఏడుపొస్తే ఏడు. మిరపకాయల పొగ అనుకుంటారు."

సింధు వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని అడిగింది. "ఆంటీ, నాకు నిజంగ దిష్టి తగిలిందా?"

"ఏమోనమ్మా, నాకేం తెలుసు? కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా ఇంట్లో పొద్దస్తమానం అరుపులే. దిష్టి తీస్తున్నప్పుడు మాత్రం అందరూ నోళ్లు మూసుకునేవారు. అది చూసి నేర్చుకున్నా. ఈ పెరుగన్నం తిను. ఇంకోసారి తిప్పుతాలే, తొందరేం లేదు."

గౌతమ్ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కాడు. "ఏమైంది సార్?" అన్న జానయ్యతో, "గట్టి దిష్టే. టైం పడుతుంది" అన్నాడు.

సింధు పైకొచ్చింది. గౌతమ్ అరవకుండా, కెమెరా నడపమని చేత్తో సైగ చేశాడు. ఆమె గడియ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఇందాకటిదాకా లేని నెమ్మది ఆ ముఖంలో కనపడింది. షాట్ అయిపోయినా 'కట్' చెప్పడం గౌతమ్‌కి గుర్తు రాలేదు.

వెనకనుంచి ఒక గుప్పిట అతని తల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. "పొద్దుట్నుంచీ నువ్వూ ఎన్ని మాటలు పడ్డావో నాయనా."

గౌతమ్ బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. అతని ఫోన్ మోగింది. జానయ్యే ఎత్తాడు.

"శేఖర్ సార్, జర ఆగుండ్రి. మా సార్‌కు దిష్టి తీస్తున్నరు... ఎంతసేపా? గట్టిగనే తగిలినట్టుంది సార్!"