లోవరాజు పడవకి తెల్ల గీత

ఆశీర్వాదంగారికి బరువు పిచ్చి. ఎవరెదురైనా బాగున్నావా అని అడగరు, ఎన్ని కిలోలున్నావని అడుగుతారు. పేరు ఆశీర్వాదమేగానీ నోరు తెరిస్తే తిట్లే. నేవీలో ఇరవై రెండేళ్లు సబ్‌మెరైన్‌లో పనిచేసి, చీఫ్‌గా రిటైరై గోదారి మధ్యనున్న తన లంక ఊరికి తిరిగొచ్చారు. అప్పటినుంచీ ఆ తిట్లలో పెద్ద వాటా పడవ నడిపే లోవరాజుదే.

ఉదయం ఎనిమిదింటి పడవెక్కేది చీఫ్‌గారు కాక రోజూ అదే ఏడుగురు. అవతలి రేవులో దిగి ఆటోలో పాలకొల్లు పోతారు. చీఫ్‌గారికి అవతల పనేమీ లేదు. కాఫీ తాగి తిరిగొస్తారు. అయినా ఎవరెక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పాలి. పడవ వెనక భాగాన, లోవరాజు చుక్కాని పట్టుకుని కూర్చునేచోట, తెల్లరంగుతో గీత కూడా గీశారు. నీళ్లు సరిగ్గా ఆ గీతని తాకుతూ ఉండాలి.

“మాణిక్యమ్మా! నిన్న రెండు గెలలు, ఇవాళ మూడు. ఎవరినడిగి ఎక్కించావు?”

“మా అరటితోటనడిగానండి!” అంది రత్నమాణిక్యం.

ఒకరోజు లోవరాజు ఉండబట్టలేక అడిగేశాడు. “మీ సబ్‌మెరైన్ మునిగే పడవేగా, దానికి బరువు గొడవెందుకండీ? మునగడమేగా మీక్కావాల్సింది?”

చీఫ్‌గారు మండిపడ్డారు. “మునగడం ఎవడైనా మునుగుతాడురా! ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే కిందకి పోద్ది. గాలి కొట్టి ఆ నీళ్లు గెంటేస్తే పైకొస్తది. చెప్పిన లోతులో కదలకుండా ఉంచాలి, అదీ పని! దాని బరువూ, అది పక్కకి నెట్టిన నీళ్ల బరువూ సమానంగా ఉండాలి. వంటింటి చెత్త బయటికి గెంటితే అంతమేరా తేలికవుద్ది. తేలికైతే పైకి తేలి శత్రువు కంట్లో పడతాం. అందుకని తగ్గినంత నీళ్లు లోపలికి తీసుకోవాలి. నలుగురు వెనక్కి నడిస్తే వెనక్కి వాలుద్ది! బరువెక్కినా చావే, తేలికైనా చావే!”

“మనది తేలే పడవేగదండీ!”

“నోర్ముయ్. చుక్కాని పట్టుకో.”

ఏప్రిల్లో గీత నీళ్లకి వేలెడు పైకొచ్చింది. చీఫ్‌గారు పూనకం వచ్చినట్టు ఊగిపోయారు.

“వెనక తేలిపోతోంది! ఎవరో తగ్గారు! టీచరుగారూ, మీరేనా?”

“నేను తగ్గితే మా ఇంట్లో కేకు కోస్తామండి,” అంది హెలెన్ టీచర్.

పదిరోజులు అదే రభస. అందరినీ లేపడం, మార్చి కూర్చోబెట్టడం. రోజూ పావుగంట ఆలస్యం. హెలెన్ టీచర్‌కి హెడ్‌మాస్టరు మెమో ఇచ్చాడు.

“లోవరాజూ, రేపు ఆయన ఎక్కితే మేమెవరం ఎక్కం. ఇంకో పడవ చూసుకుంటాం,” అని ఆవిడ తేల్చి చెప్పింది.

ఆ ఏడుగురూ పోతే లోవరాజు పడవ ఒడ్డునే ఎండాలి. అతనికి చీఫ్‌గారి మీద ఒళ్లు మండిపోయింది. అసలే ఆ మధ్య అతనికి నీరసం. అవతలి గట్టు చేరేలోపు రెండు లీటర్ల నీళ్లు తాగినా దాహం తీరడంలేదు. చొక్కా వదులైపోయింది. ఈయన పోరుకే చిక్కిపోతున్నానని తిట్టుకున్నాడు.

మర్నాడు చీఫ్‌గారు రేవులోకి రాగానే అడ్డంగా నిలబడ్డాడు. “ఇవాళ్టినుంచి మీకు పడవ లేదండి!”

చీఫ్‌గారి చంకలో బరువు చూసే మిషనుంది. “ఇంటింటికీ తిరిగి అందరినీ తూచాను. ఎవరూ తగ్గలేదు. మిగిలింది నువ్వే. ఎక్కు!”

“ఎక్కితే నా జోలికి రారుగా?” లోవరాజు కోపంగా ఎక్కాడు. ముల్లు యాభై ఆరు దగ్గర ఆగింది.

“క్రిస్మస్‌కి అరవై ఎనిమిదున్నావు! పన్నెండు కిలోలు ఎక్కడ పారేశావురా వెధవా?” చీఫ్‌గారు అరిచారు. చెయ్యి పట్టుకుని పాలకొల్లు ఆస్పత్రికి లాక్కెళ్లారు. సుగరు నాలుగొందలు దాటింది. ఇంకో వారం ఆగుంటే నడి గోదాట్లో కళ్లు తిరిగి పడేవాడని డాక్టరు చీవాట్లు పెట్టాడు.

వారానికి లోవరాజు మళ్లీ పడవెక్కేసరికి చుక్కాని పక్కన ఇసక మూట ఉంది.

“ఇదేంటండి?”

“నువ్వు తగ్గిన పన్నెండు కిలోలు. టీచరుగారికి ఆలస్యమవుతోందిగా. తియ్యి పడవ!”

ఆదివారం చర్చి అవగానే చీఫ్‌గారు మిషనుతో వచ్చేవారు. లోవరాజు ఎంత పెరిగితే అంత ఇసక తిట్టుకుంటూ గోదాట్లో పోసేవారు. దసరాకి మూట ఖాళీ అయింది. గీత నీళ్లని తాకింది. లోవరాజు ఒక్క మంచిమాట కోసం ఎదురుచూశాడు.

చీఫ్‌గారు వంగి చూశారు. “అరకిలో ఎక్కువుంది. నిన్న పెళ్లిలో ఏం తిన్నావు?”

“పూతరేకండి. కాగితమంత ఉంటది.”

“ఎన్ని కాగితాలు?”

లోవరాజు గోదారివైపు తిరిగాడు. “పది.”

రేవు విడిచిన దగ్గర్నుంచీ తిట్లే తిట్లు. అవి ఇంకాసేపు వినాలని లోవరాజు ఆ రోజు కావాలనే పడవ నెమ్మదిగా నడిపాడు.