చల్లని చోట పెట్టండి

మే నెల మిట్టమధ్యాహ్నం, చంద్రపూర్ తుకుం ప్రాంతంలోని మా బట్టల దుకాణంలో రేకుల కప్పు కింద కూర్చుని కొత్త ఫోన్ సెట్టింగు మొదలుపెట్టాను. పాత ఫోన్లోని నంబర్లు సగం ఎక్కాయో లేదో, "వేడెక్కిపోయాను, చల్లబడ్డాకే మిగతా పని" అని తెర మీద చూపించి ఆగిపోయింది. దీన్ని తెలివైన ఫోన్ అంటారు. చంద్రపూర్ ఎండకు నాకంటే ముందే సొమ్మసిల్లింది.

పాత ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక, ఏ ఏసీ గదిలోంచో ఒక తీయని ఆడగొంతు పలికింది: "చల్లని చోట పెట్టండి సర్."

చల్లబరచడమంటే మా ఇళ్లలో తెలిసిన పద్ధతి ఒకటే. మంచినీళ్ల కుండకు చుట్టినట్టు ఫోన్‌కు తడిగుడ్డ చుట్టి కూలర్ ముందు పెట్టాను. చల్లబడింది. కానీ ఛార్జింగ్ పెట్టే చోట తడి ఉందంటూ మళ్లీ మొరాయించింది.

మళ్లీ చేశాను. ఈసారి వేరే అమ్మాయి, అవే చిలకపలుకులు. "తడి తగిలితే వారంటీ వర్తించదు సర్. పొడిగా, చల్లగా ఉన్న చోట పెట్టండి."

"చంద్రపూర్‌ల గసొంటి జాగ ఉంటే ఫోనునెందుకు పెడ్త తల్లీ? నేనే పోయి కూసుంటుంటి గద!"