అన్ని గీతలూ ఒకే పేరుకు

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితే చెవులు మూసుకుపోయినట్టుండేది. ఆ మధ్యాహ్నం కరెంటు పోగానే షెడ్డులో పనివాళ్లను కింద కూర్చోబెట్టి, గోడకు పెద్ద చార్టు అంటించాను. నేనుండేది కోరుట్లలో, ఉద్యోగం జగిత్యాలలో. కొత్తగా తెరిచే శిక్షణ కేంద్రానికి మరమగ్గాల పని నేర్పే మనిషి కావాలి. షెడ్లలో పని ఎవరు, ఎలా నేర్పుతున్నారో చూసి రమ్మని మా ఆఫీసరు పంపాడు.

చార్టు మధ్యలో సున్నా చుట్టి, ‘పని ఎట్ల నేర్చుకున్నం?’ అని రాశాను. తలా ఒక మాట చెబుతుంటే సున్నా నుంచి కొమ్మల్లా గీతలు లాగాను. చూసి నేర్చుకున్నామన్నారు, తిట్లు తిని నేర్చుకున్నామన్నారు. బాగా నవ్వుకున్నాం. “ఎవరి దగ్గర?” అని అడిగేసరికి నవ్వులు ఆగాయి. నక్సలైట్ల కోసం ఊరూరా గాలిస్తున్న ఆ రోజుల్లో అది పోలీసులు అడిగే ప్రశ్న. అయినా ఒక్కొక్కరే నోరు విప్పారు. ఎవరి పేరు వాళ్లది రాసి, నేర్పినవాళ్ల పేరుకు గీత లాగాను. అందరి పేర్ల నుంచీ గీతలు ఒకే పేరుకు చేరాయి. సాంచాలు బాగుచేసే మేస్త్రీ పేరది. ఆయన మూల నిలబడి సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకున్నాడు. కేంద్రంలో ఉద్యోగం ఈయనకే అనుకుని లోలోపల సంబరపడ్డాను.

అప్పుడే బయట జీపు ఆగింది. పని ఆపి గుంపుగా కూర్చున్నారని ఎవరో చెప్పినట్టున్నారు. ఎస్సై లోపలికొచ్చి నా గుర్తింపు కార్డు చూసి తిరిగిచ్చాడు. తర్వాత చార్టు ముందు నిలబడ్డాడు.

“గిన్ని గీతలు గీయన కాడికే ఎందుకు పోయినయ్? ఏం నేర్పుతుండు గీయన?”

“సాంచా పని సార్,” అన్నాను.

ఆయన నావైపు చూడనేలేదు. “మేస్త్రీ, జీపెక్కు,” అన్నాడు.

జీపెక్కినవాళ్లలో కొందరు తిరిగిరారని షెడ్డులో అందరికీ తెలుసు. నూలు కండెలు చుట్టే పెద్దమ్మ ముందుగా లేచింది.

“నాకు గాయన నేర్పలే సారూ. మా ఆడిబిడ్డ నేర్పింది. మేడం తప్పు రాసింది.”

నేను ఆ గీత కొట్టేశాను. ఆమె పక్కనున్నతను తనకు తండ్రి నేర్పాడన్నాడు. ఇంకొకతను మహారాష్ట్రకు వలసపోయి భివండిలో నేర్చుకొచ్చానన్నాడు. ఒక్కొక్కరే కాదంటుంటే నేను ఒక్కొక్క గీతా కొట్టేస్తూ పోయాను. మేస్త్రీ తల ఎత్తలేదు. చివరికి ఆయన పేరు ఒంటరిగా మిగిలింది. ఎస్సై మేస్త్రీని వదిలేసి, విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

కరెంటు వచ్చినా ఎవరూ లేవలేదు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మేస్త్రీయే వచ్చి చార్టు ఊడదీసి, చుట్టి, నా చేతిలో పెట్టాడు.

“గిట్లనే ఇయ్యి బిడ్డా. పోలీసోళ్లు మీ ఆఫీసుల గూడ అడుగుతరు. ఆడ గూడ గిదే మాట చెప్పు.”

జగిత్యాల బస్సులో దారి పొడవునా ఆ చుట్టను ఒళ్లో దాచుకుని కూర్చున్నాను. మర్నాడు ఆఫీసరు దాన్ని బల్ల మీద పరిచి, మేస్త్రీ పేరు మీద వేలు పెట్టాడు.

“గీయన ఎవ్వరికీ ఏం నేర్పలేదా?”

“నేర్పలే సార్,” అన్నాను.